రాతిలోని కోరలైన్ ఆల్గేతో పాతకాలపు సముద్రాన్ని చదవడం: అవుట్‌క్రాప్ నుంచి లోతు అంచనా దాకా

సున్నపురాయి పొరల్లో గుప్పెడంత తెల్లటి ముద్దలు కనిపిస్తే చాలామంది పగడాలనో, గులకరాళ్లనో అనుకుని ముందుకు వెళ్లిపోతారు. వాటిలో ఎన్నో నిజానికి రోడోలిత్‌లు. అంటే సముద్రపు అడుగున దేనికీ అతుక్కోకుండా, దొర్లుతూ పొరమీద పొర పెంచుకున్న కోరలైన్ ఆల్గే ముద్దలు. ఒక ముద్దలో కొన్ని పదుల ఏళ్ల నుంచి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉండొచ్చు. దాన్ని ఓపిగ్గా చదివితే ఆ చోట ఒకప్పుడు ఎంత వెలుతురు పడేదో, కెరటాల జోరు ఎంతో, అడుగున ఇసుకో బురదో చెప్పవచ్చు.

కోరలైన్ ఆల్గే ఎర్ర శైవలాల్లో ఒక వర్గం. కణాల గోడల్లో మెగ్నీషియం ఎక్కువగా ఉండే కాల్సైట్‌ను (ఒక కాల్షియం కార్బొనేట్ ఖనిజం) నింపుకుంటాయి కాబట్టి బతికుండగానే రాయిలా గట్టిపడతాయి. మనకు కలిసొచ్చేది ఏమిటంటే, కాలక్రమంలో ఆ మెగ్నీషియం పోయినా కణాల అమరిక చాలావరకు చెక్కుచెదరదు. పగడాలది అరగొనైట్ (తేలిగ్గా కరిగే మరో రకం కాల్షియం కార్బొనేట్) అస్థిపంజరం. అదే రాతిలో అది కరిగి ఖాళీ గుంటగా మిగిలినా, పక్కనే ఆల్గే కణాలు వరసలు వరసలుగా కనిపిస్తూనే ఉంటాయి. స్పోరోలితాన్ లాంటి ప్రజాతులు తొలి క్రెటేషియస్ కాలం (డైనోసార్ల కాలం) నుంచే ఉన్నాయి. మయోసీన్‌లోనైతే (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ల కిందట) చాలా ప్రాంతాల్లో పగడాల బదులు కోరలైన్ ఆల్గేనే సున్నపురాయిని కట్టాయి. మాల్టా దీవుల్లోని ఎగువ కోరలైన్ సున్నపురాయి, వియన్నా పరిసరాల్లోని లైతా సున్నపురాయి ఇందుకు పేరున్న ఉదాహరణలు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆల్గే మనకు నేరుగా చెప్పేది వెలుతురు గురించి, లోతు గురించి కాదు. బురదనీటిలో 20 మీటర్ల దగ్గర ఉండే వెలుతురు, తేట నీటిలో 80 మీటర్ల దగ్గర కూడా ఉండొచ్చు. బహామాస్‌లోని సాన్ సాల్వడార్ దగ్గర 268 మీటర్ల లోతులో బతికున్న కోరలైన్ ఆల్గే దొరికాయి. కాబట్టి ఆల్గే కనబడింది గనక ఇది లోతు తక్కువ సముద్రం అని ఒక్క గెంతులో తేల్చేయకూడదు. కింది మెట్లన్నీ ఆ గెంతును చిన్న చిన్న అడుగులుగా విడగొట్టడానికే.

1. అవుట్‌క్రాప్ దగ్గర: పెరిగిన చోటే ఉందా, కొట్టుకొచ్చిందా?

అవుట్‌క్రాప్ అంటే రాతి పొరలు నేల మీద బయటపడి కనిపించే చోటు. సుత్తి తీయకముందే అక్కడ చూడాల్సింది ఇది. ఆల్గే రాతిలో మూడు రకాలుగా ఉంటాయి. ఒకటి, పగడం మీదో గట్టి అడుగు మీదో అతుక్కుని పెరిగిన పెచ్చు. రెండు, విడిగా దొర్లే రోడోలిత్. మూడు, విరిగి చెల్లాచెదురైన ముక్కలు. పెచ్చు ఏ దిక్కుకు పెరిగిందో చూడండి. పొర పైవైపుకే పెరిగి ఉండి, కింద దానికి ఆధారమైన పగడం కూడా నిలువుగానే ఉంటే అది అక్కడే బతికిందని నమ్మొచ్చు. ముక్కలైతే వేరే చోటి నుంచి వచ్చి ఉండొచ్చు. ముఖ్యంగా కీళ్లున్న కొమ్మల ఆల్గే చనిపోగానే కీళ్ల దగ్గర విడిపోయి మిల్లీమీటరు సైజు ముక్కలుగా మారిపోతాయి, కెరటాలకు ఎంతదూరమైనా పోతాయి. అవి నిండుగా ఉన్నాయంటే దగ్గర్లో ఎక్కడో వెలుతురు బాగా పడే అడుగు ఉందని అర్థం. మీరు నిలబడ్డ చోటే అది ఉందని మాత్రం కాదు.

లాగ్ (పొరల వరస పట్టిక) రాసేటప్పుడు ప్రతి పొరకూ నాలుగు సంగతులు నమోదు చేయండి: పొర మందం, కింది పొరతో హద్దు ఎలా ఉంది, రోడోలిత్‌లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయా లేక బురదలో తేలుతున్నట్టు విడివిడిగా ఉన్నాయా, మధ్యలో నింపింది ఇసుకా బురదా. ఆనుకుని ఉంటే రడ్‌స్టోన్, మడ్డిలో, అంటే మధ్యలో నిండిన సన్నటి బురదలో, విడివిడిగా ఉంటే ఫ్లోట్‌స్టోన్. ఈ పేర్ల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ నీటి కదలిక గురించి మీకు దొరికే మొదటి ఆధారం ఇదే, అదీ మైక్రోస్కోప్ అక్కర్లేకుండానే.

2. రోడోలిత్‌లను కొలవడం

ప్రతి పొర నుంచీ ఎంపిక లేకుండా, చేతికి అందినవాటిని అందినట్టే కొలవండి. అందంగా గుండ్రంగా ఉన్నవాటినే ఏరుకుంటే లెక్క అంతా తప్పుతుంది. విడిగా ఊడివచ్చిన రోడోలిత్‌కు పొడుగు, నడిమి, పొట్టి అక్షాలు మూడూ కాలిపర్‌తో కొలవాలి. ఈ మూడింటితో స్నీడ్, ఫోక్ 1958లో ఇచ్చిన త్రికోణపు పటంలో అది గోళమా, బిళ్లా, కోలగా ఉందా అన్నది పెట్టవచ్చు. రాతిలోనే ఇరుక్కుని ఉంటే రెండు అక్షాలే దొరుకుతాయి. అప్పుడు ఆ సంగతి నోట్‌బుక్‌లో రాసి, గోళం అన్న మాట వాడకండి.

1971లో బొసెల్లిని, గిన్స్‌బర్గ్ బెర్ముడాలో బతికున్న రోడోలిత్‌లను పరిశీలించి, ఆకారానికీ లోపలి నిర్మాణానికీ నీటి కదలికతో ఉన్న సంబంధాన్ని చూపించారు. అప్పటి నుంచి గోళమైతే తరచూ దొర్లింది, బిళ్ల అయితే కదలకుండా ఉంది అనే సూత్రం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. దాన్ని కళ్లు మూసుకుని వాడకండి. చేపలు, సముద్రపు అర్చిన్‌లు, పీతలు కూడా రోడోలిత్‌లను తిరగేస్తాయి. అలలు లేని ప్రశాంతమైన అడుగు మీద కూడా గుండ్రటి రోడోలిత్‌లు పెరుగుతాయి. ఇక మధ్యలో ఉన్న రాయి ముక్క బల్లపరుపుగా ఉంటే దాని మీద పెరిగిన ముద్ద కూడా మొదట్లో బల్లపరుపుగానే ఉంటుంది. అందుకే ఆకారంతో పాటు మధ్యలో ఏముంది, అది ఎంత పెద్దది అన్నది కూడా రాయాలి.

3. కోత, పలక, థిన్ సెక్షన్

రాతిని ఊడదీసే ముందే దాని మీద పైదిక్కు బాణం గీయండి. ల్యాబ్‌కు వెళ్లాక దాన్ని ఊహించి గీయడం కుదరదు. రోడోలిత్‌ను మధ్యగుండా రంపంతో కోసి, ఒక సగాన్ని పాలిష్ చేసి, తడిపి స్కాన్ చేయండి. తడిసిన పలక మీద పొరలు, రంధ్రాలు, మధ్యలో ఇరుక్కున్న బురద ఒక్కసారిగా తేటపడతాయి. థిన్ సెక్షన్, అంటే మైక్రోస్కోప్ కింద చూడటానికి గాజు మీద అతికించి పలచగా రుద్దిన రాతి ముక్క, ఎక్కడ కోయాలో ఆ స్కాన్ మీదే గుర్తు పెట్టుకోండి.

కోత ఎప్పుడూ పెరుగుదల దిక్కుకు సమాంతరంగా, పెచ్చు ఉపరితలానికి లంబంగా ఉండాలి. వాలుగా కోస్తే కణాలు సాగినట్టు, గదులు వంకరగా కనిపించి కొలతలన్నీ పాడవుతాయి. మామూలు థిన్ సెక్షన్ మందం 30 మైక్రాన్లు. కోరలైన్ ఆల్గే కణాలు చాలావరకు 5 నుంచి 20 మైక్రాన్ల వెడల్పే ఉంటాయి కాబట్టి, 30 మైక్రాన్ల మందంలో రెండు మూడు వరసల కణాలు ఒకదాని మీద ఒకటి పడి మసకగా, నల్లగా కనిపిస్తాయి. గుర్తింపు కోసం అయితే ఇంకాస్త పలచగా రుద్దించండి. అనుమానం తీరకపోతే పాలిష్ చేసిన ముఖాన్ని పలచటి ఆమ్లంతో కొద్ది సెకన్లు తాకించి ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద చూడవచ్చు. డోలమైట్ (మెగ్నీషియం కలిసిన కార్బొనేట్ ఖనిజం) ఉందనిపిస్తే అలిజరిన్ రెడ్ ఎస్ రంగు వేయండి. కాల్సైట్ ఎర్రబడుతుంది, డోలమైట్ రంగు పట్టదు.

4. గుర్తింపు: గదులు, కణాలు, గోడలు

చాలామందికి టెన్షన్ పుట్టించేది ఈ మెట్టే. నిజానికి వరస పట్టుకుంటే అంత కష్టం కాదు. తక్కువ మాగ్నిఫికేషన్‌లో మొదట వెతకాల్సింది కాన్సెప్టకిల్‌లను, అంటే పునరుత్పత్తి గదులను. గళ్ల కాగితంలా కనిపించే కణజాలం మధ్యలో గుండ్రటి, కోలగా ఉన్న ఖాళీలే అవి. ఎక్కువగా 100 నుంచి కొన్ని వందల మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. ఒక్కోసారి ఖాళీగా కాక స్పార్‌తోనో (ఖాళీల్లో పెరిగిన తేట కాల్సైట్ స్ఫటికాలు), తర్వాత పెరిగిన కణజాలంతోనో నిండి ఉంటాయి.

గది పైకప్పును చూడండి. ఒకే రంధ్రం ఉంటే కోరలైనేలిస్ అనే క్రమం (ఆర్డర్) వైపు ఆలోచించాలి. పైకప్పు జల్లెడలా అనేక రంధ్రాలతో ఉంటే హపాలిడియేలిస్, అంటే లితోతామ్నియాన్, మెసోఫిలమ్, ఫైమటోలితాన్ లాంటివి. పెద్ద గది అసలు లేకుండా చిన్న చిన్న కోలపాటి అరలు పక్కపక్కన వరసగా ఉంటే స్పోరోలితాన్. ఈ మూడు గుర్తులతోనే సగం పని అయిపోతుంది.

కానీ ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. హపాలిడియేలిస్‌లో కూడా ఆడ, మగ గదులకు ఒక్క రంధ్రమే ఉంటుంది. బీజాణువులు పుట్టే గదికి మాత్రమే జల్లెడ పైకప్పు. పైగా కోత రంధ్రాల పక్కగా పోతే పైకప్పు మూసుకుపోయినట్టు కనబడుతుంది. అందుకే ఒక్క గదిని చూసి పేరు రాయకండి. అదే మొక్కలో వీలైనన్ని గదులు చూడండి. ఒక్క గదికైనా స్పష్టమైన జల్లెడ పైకప్పు కనిపిస్తే చాలు. ఎక్కడా కనిపించకపోతే కణజాలం ఏం చెబుతుందో చూడాలి.

కణజాలంలో రెండు భాగాలు ఉంటాయి. అడుగున పక్కకు పాకే తంతువులు, వాటి నుంచి పైకి లేచే తంతువులు. పాత గ్రంథాల్లో వీటికి హైపోథాలస్, పెరిథాలస్ అని పేర్లు. అడుగు తంతువుల కణాలు విల్లుల్లా వంగిన వరసల్లో, ఒకే కేంద్రం నుంచి విచ్చుకున్నట్టు ఉంటే మెసోఫిలమ్ అయ్యే అవకాశం ఎక్కువ. అడుగున ఒకే వరస కణాలు ఉండి వాటి మీద నేరుగా పై తంతువులు లేస్తే లితోఫిలమ్, టైటనోడెర్మా వైపు చూడాలి. ఆ అడుగు వరస కణాలు పొడుగ్గా, కాస్త వాలుగా కంచెలా నిలబడి ఉంటే టైటనోడెర్మా.

తర్వాత పక్కపక్క తంతువుల కణాల మధ్య సంబంధం. మధ్య గోడ కరిగి రెండు కణాలు కలిసిపోయి ఉన్నాయా, లేక సన్నటి పక్క రంధ్రాలతో మాత్రమే కలిశాయా? లితోఫిలమ్ కుటుంబంలో కలిసిపోవడం ఉండదు, సన్నటి రంధ్రాలే ఉంటాయి. మిగిలిన చాలా వాటిలో గోడలు కరిగి కలుస్తాయి. పోరోలితాన్‌లో మరో గుర్తు ట్రైకోసైట్‌లు, అంటే చుట్టూ ఉన్నవాటికంటే పెద్దవైన కణాలు. అవి అడ్డంగా బారులు తీరి కనిపిస్తే ఆ పేరు ధైర్యంగా రాయవచ్చు.

గదులు లేని ముక్కలకు ప్రజాతి పేరు పెట్టకండి. 'గుర్తించలేని కోరలైన్' అని రాయడం ఏమాత్రం తక్కువ పని కాదు. గదులు, కణాల అరలు ఏవీ లేకుండా, రాలిపోయిన గుజ్జులా అరగొనైట్ నీడ మాత్రమే ఉంటే అది పెయిసోనెలియా జాతి శైవలం కావచ్చు. దాన్ని కోరలైన్ లెక్కలో కలపకుండా విడిగా పెట్టండి.

5. పెరిగిన తీరు, తగిలిన దెబ్బలు

పేరు ఎంత ముఖ్యమో రూపం అంతే ముఖ్యం. 1993లో ఉల్కర్లింగ్, ఇర్విన్, హార్వే కలిసి రూపాలకు ఒక స్థిరమైన పదజాలం ఇచ్చారు. పనిలో మనకు ఎక్కువగా తగిలేవి పెచ్చు, మొటిమలు, బుడిపెలు, పొదలా కొమ్మలు, ఆకుల్లాంటి రేకులు. ఒకే జాతి పరిస్థితిని బట్టి రూపం మార్చుకుంటుంది కాబట్టి రూపం నేరుగా పర్యావరణం గురించే మాట్లాడుతుంది. దట్టమైన పొట్టి కొమ్మలు, మందమైన పెచ్చులు నీటి కదలికను తట్టుకుంటాయి. సన్నటి రేకులు ఒకదానిపై ఒకటి ఎడంగా, మధ్యలో బురద ఇరుక్కుని ఉన్నాయంటే అక్కడ నీరు చాలావరకు నెమ్మదిగానే ఉంది.

ఇప్పుడు రోడోలిత్ లోపలి వరసను మధ్య నుంచి బయటికి చదవండి. ఎలాగో చూడటానికి ఒక ఊహా నమూనా తీసుకుందాం. మధ్యలో కరిగిపోయిన పగడం ముక్క ఉంది, దాని చుట్టూ మందమైన లితోఫిలమ్ పెచ్చు. ఆ పెచ్చు మీద ఎంటోబియా, అంటే స్పాంజి తొలిచిన గుండ్రటి గదులు సన్నటి దారులతో కలిసి ఉన్నాయి. పైన మొటిమల రూపంలో లితోతామ్నియాన్, చివరగా బయట మెసోఫిలమ్ రేకులు, వాటి మధ్యలో అసెర్వులినా అనే అతుక్కునే ఫొరామినిఫెరా (పెంకు కట్టుకునే ఏకకణ జీవి). లోపలి నుంచి బయటికి వెలుతురు తగ్గుతూ, నీరు నెమ్మదిస్తూ వచ్చిందన్నమాట. మధ్యలో స్పాంజి తొలిచిన ఘట్టంలో పెరుగుదల ఆగి, ముద్ద కొంతకాలం అడుగు మీద బయటే పడి ఉంది. ఇదే వరస ఆ పొరలోని చాలా రోడోలిత్‌లలో కనిపిస్తే అది ఆ సముద్రంలో వచ్చిన మార్పు. ఒక్కదాంట్లోనే కనిపిస్తే ఆ ముద్ద ఒక్కటే లోతుకు జారిపోయి ఉండొచ్చు.

తొలిచిన రంధ్రాల్లో ఇంకో ఆధారం కూడా దొరుకుతుంది. వాటి అడుగున బురద చేరి, పైన స్పార్ పెరిగి ఉంటే, ఆ బురద మట్టం అప్పటి అడ్డగీతను చూపుతుంది. ఒకే రోడోలిత్‌లోని వేర్వేరు రంధ్రాల్లో ఈ మట్టాలు వేర్వేరు కోణాల్లో ఉంటే, ఒక రంధ్రం నిండి గట్టిపడ్డాక ముద్ద మళ్లీ తిరిగిందని తెలుస్తుంది. అన్నీ ఒకే దిక్కున, పైగా పొరకు సమాంతరంగా ఉంటే చివరి దశలో అది కదలలేదు. దొర్లుడు గురించి బయటి ఆకారం చెప్పేదానికంటే నేను ఈ ఆధారాన్నే ఎక్కువ నమ్ముతాను.

అరుగుదల కూడా చూడండి. పై కణాలు కోసినట్టు తెగిపోయి, ఆ తెగిన అంచు మీదే కొత్త పెచ్చు పెరిగి ఉంటే, అరిగాక మళ్లీ ప్రాణం పోసుకుంది. తెగిన అంచు మీద ఏమీ పెరగకపోతే అరిగింది చనిపోయిన తర్వాతే అయ్యుండాలి.

6. లెక్కించడం

ప్రతి థిన్ సెక్షన్‌లోనూ పాయింట్ కౌంటింగ్ (సమాన దూరంలోని బిందువుల కింద ఏముందో లెక్కపెట్టడం) చేసి ఆల్గే, పగడం, బ్రయోజోవన్ (గుంపులుగా బతికే చిన్న జంతువులు), ఫొరామినిఫెరా, మడ్డి, సిమెంటు శాతాలు తీయండి. ఆల్గేలో మళ్లీ ఏ ప్రజాతి ఎంత స్థలం ఆక్రమించిందో విడిగా రాయండి. సంఖ్య కంటే ఆక్రమించిన స్థలమే మేలు, ఎందుకంటే ఒకే మొక్క కోతలో నాలుగు చోట్ల కనిపించవచ్చు.

7. వెలుతురు నుంచి లోతుకు

ఇప్పుడే లోతు మాట ఎత్తాలి. నేటి ఉష్ణమండల పగడపు దిబ్బల మీద పోరోలితాన్ ఆంకోడిస్ మందమైన పెచ్చులు అలలు విరిగే అంచున, సాధారణంగా 10 మీటర్ల లోపే పెరుగుతాయి. వాటి మధ్యలో గొట్టాల్లాంటి వెర్మెటిడ్ నత్తలు కూడా ఉంటే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. లోతుకు పోయేకొద్దీ పెచ్చులు పలచబడతాయి, మెసోఫిలమ్, లితోతామ్నియాన్, స్పోరోలితాన్ వాటా పెరుగుతుంది. 2005లో తాహితి దగ్గర జరిగిన అంతర్జాతీయ సముద్ర డ్రిల్లింగ్‌లో, మంచుయుగం ముగిసేటప్పుడు సముద్రమట్టం ఎలా పెరిగిందో చెప్పడానికి పగడాలతో పాటు ఈ ఆల్గే సమూహాలనూ వాడారు.

ఈ వరసను అన్ని చోట్లకూ అతికించకూడదు. లితోతామ్నియాన్, ఫైమటోలితాన్ చల్లటి సముద్రాల్లో ఒడ్డుకు దగ్గరగానే బతుకుతాయి. యూరప్ అట్లాంటిక్ తీరంలో ఫైమటోలితాన్ కాల్కేరియమ్ కట్టే మేర్ల్ మేటలు (విడి కోరలైన్ ముక్కల మేటలు) ఆటు సమయంలో నీరు తగ్గే గీత దగ్గర్నుంచే మొదలవుతాయి. మధ్యధరాలో కోరలైన్ ఆల్గే కట్టే కొరాలిజెనస్ దిబ్బలు మాత్రం 20 నుంచి 120 మీటర్ల మధ్య ఉంటాయి. బ్రెజిల్‌లోని అబ్రోలోస్ మెట్ట మీద 20,900 చదరపు కిలోమీటర్ల మేర రోడోలిత్ మేట ఉంది, అది 20 నుంచి 110 మీటర్ల దాకా పరుచుకుంది. కాబట్టి రోడోలిత్ మేట ఉందన్న ఒక్క మాటతో లోతు తేలదు. ముందు ఆ రాతి కాలంలో ఆ ప్రాంతం ఏ అక్షాంశంలో ఉందో, నీరు వెచ్చనో చల్లనో వేరే ఆధారాలతో తేల్చుకోండి. పగడాలు, పెద్ద ఫొరామినిఫెరా ఉన్నాయా అన్నదే దానికి సులువైన పరీక్ష.

ఇంకొక జాగ్రత్త నీడ విషయంలో. పగడపు దిబ్బ గుహల్లో, పెద్ద పగడాల అడుగువైపున, రెండు మీటర్ల లోతులోనే మసక వెలుతురుకు అలవాటు పడిన ఆల్గే పెరుగుతాయి. పలచటి మెసోఫిలమ్ పెచ్చు పగడానికి కిందివైపున వేలాడుతూ ఉంటే, అది చెప్పేది లోతు గురించి కాదు, నీడ గురించి. మూడో మెట్టులో గీసిన బాణం ఇక్కడ మీకు అక్కరకొస్తుంది.

పెద్ద ఫొరామినిఫెరాను తప్పకుండా పక్కన పెట్టి చూడండి. వాటిలోనూ శైవలాలు కలిసి బతుకుతాయి కాబట్టి అవీ వెలుతురునే అనుసరిస్తాయి. బొద్దుగా, మందంగా ఉన్న ఆంఫిస్టెజైనా ఎక్కువ వెలుతురును, బల్లపరుపుగా పలచగా ఉన్న ఓపెర్క్యులైనా, సైక్లోక్లిపియస్ తక్కువ వెలుతురును సూచిస్తాయి. ఆల్గే ఒక మాట, ఫొరామినిఫెరా మరో మాట చెబితే సగటు తీయకండి. రెండిట్లో ఏది కొట్టుకొచ్చిందో వెతకండి. దాదాపు ఎప్పుడూ సమాధానం అరుగుదలలో దొరుకుతుంది.

రాయి పాతదయ్యేకొద్దీ పట్టు సడలించాలి. ఇప్పటి ప్రజాతుల అలవాట్లను ప్లయోసీన్ (మయోసీన్ తర్వాతి యుగం) దాకా కాస్త ధైర్యంగా, మయోసీన్ దాకా జాగ్రత్తగా వాడవచ్చు. క్రెటేషియస్ రాతిలో స్పోరోలితాన్ కనిపించింది కదా అని దాన్ని నేటి స్పోరోలితాన్ లోతుకు కట్టేయకండి. అక్కడ పేరు కంటే రూపం, అవక్షేపం, తోటి జీవులే నమ్మదగ్గవి.

8. రసాయనం ఎంతవరకు?

బతికున్న కోరలైన్ ఆల్గేలో మెగ్నీషియం పాలు నీటి వెచ్చదనంతో పెరుగుతుంది. ఆర్కిటిక్ వైపు పెరిగే క్లాత్రోమార్ఫమ్ కాంపాక్టమ్ ఏడాది వలయాల నుంచి 646 ఏళ్ల సముద్రపు మంచు చరిత్రను 2013లో వెలికితీశారు. ఇది చూసి మయోసీన్ రోడోలిత్‌లకు అదే లెక్క వేయాలనిపిస్తుంది. వేయకండి. పాత రాళ్లలో మెగ్నీషియం చాలావరకు పోయింది, మిగిలిన అంకె రాతి తర్వాతి జీవితాన్ని చెబుతుంది తప్ప సముద్రాన్ని కాదు.

9. ఫలితాన్ని రాయడం

పొరలన్నిటినీ కింది నుంచి పైకి ఒక నిలువు పటంలో పెట్టి, పక్కన నాలుగు వరసలు గీయండి: వెలుతురు, నీటి కదలిక, అడుగు స్వభావం, మేట పడిన వేగం. ఒక్కో వరసను వేర్వేరు ఆధారాలతో నింపాలి. వెలుతురుకు ఆల్గే సమూహం, ఫొరామినిఫెరా. కదలికకు రూపం, బురద మట్టాలు, మడ్డి శాతం. అడుగుకు రోడోలిత్ మధ్యలో ఉన్న ముక్క, చుట్టూ ఉన్న అవక్షేపం. మేట వేగానికి తొలిచిన రంధ్రాల ఎక్కువ తక్కువలు. రోడోలిత్ బతకాలంటే మేట నెమ్మదిగా పడాలి, లేకపోతే అది పూడిపోతుంది. అందుకే సముద్రమట్టం పెరిగేటప్పుడు ఏర్పడిన పొరల్లో రోడోలిత్ మేటలు తరచూ కనిపిస్తాయి.

లోతు వరస చివరన వేయండి, ఒకే అంకెగా కాక హద్దులుగా. '10 మీటర్ల లోపు', '30 నుంచి 80 మధ్య' అని రాసి, ఆ హద్దు ఏ ఆధారం మీద నిలబడిందో పక్కనే పేర్కొనండి. ఒక పొరలో ఆధారం ఒక్క ప్రజాతి పేరు మీదే ఆధారపడి ఉంటే ఆ గడిని ఖాళీగా వదిలేసి, అదే పొర నుంచి ఇంకో రెండు థిన్ సెక్షన్లు కోయించండి.